తొమ్మిది అడుగుల బావి

సముద్రం నడుమ ఉన్న ఒక దీవికి మంచినీళ్ళ బావి తవ్వి ఇచ్చినవాణ్ణి నేను. ఈ మాట ఎన్నిసార్లు చెప్పి ఉంటానో నాకే తెలియదు. పెళ్ళిచూపుల్లో చెప్పాను, బడిలో పిల్లలకు చెప్పాను, పదవీ విరమణ రోజున మెడలో దండతో నిలబడి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ బావి లోతు కొంచెం పెరిగింది. పెళ్ళిచూపుల నాడు పదిహేను అడుగులున్నది రిటైరయ్యే నాటికి నలభై అయింది. ఇప్పుడు ఈ కాగితాల ముందు కూర్చున్నప్పుడు కూడా కలం మొదట నలభై అనే రాసింది. కొట్టేశాను. అది సముద్రం కాదు, సముద్రానికి ఆనుకుని ఉన్న ఉప్పునీటి సరస్సు. బావి లోతు తొమ్మిది అడుగులు. మంచినీళ్ళ సంగతి కాసేపాగి చెబుతాను, ఇంత వయసులో నిజం ఒక్కసారిగా చెప్పే అలవాటు లేదు.

మా కోలారు బంగారు గనులు మూతబడి చాలా ఏళ్ళయ్యాక, దగ్గరలోని సుగటూరులో మా బామ్మర్ది మామిడితోటలో బోరు వేయిస్తున్న రోజున ఈ కథ నా మెడకు చుట్టుకుంది. పొద్దున్నే లారీ వచ్చింది. మధ్యాహ్నానికి మామిడాకులన్నీ రాతిపొడితో తెల్లబడ్డాయి. గొట్టం మీద గొట్టం దిగుతోంది, పైకి పొడి తప్ప తడి రావడం లేదు. వెయ్యి అడుగులు దాటిందని లారీ మనిషి చెయ్యి ఊపి చెప్పాడు. మా బామ్మర్ది తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి నేల మీద పరుచుకుని కూర్చుండిపోయాడు. అందరూ నోరు మూసుకున్న చోట నేను ఉండలేను. "ఇది ఒక లెక్కా? చుట్టూ ఉప్పునీళ్ళు, నడుమ ఇసక. నలభై అడుగులు దిగినాను, ఒక్కణ్ణే..." అని ఎత్తుకున్నాను.

మా ఆవిడ సావిత్రమ్మ పళ్ళేల్లో రాగి సంకటి ముద్దలు పెడుతోంది. తల ఎత్తకుండానే అంది, "ఏమండీ, నన్ను చూసేదానికి వచ్చినప్పుడు పదైదు అడుగులని కదా చెప్తిరి?"

"ఇసక నేల కదా. దిగబడి ఉంటుంది."

"ఇసక పడితే బావి పూడిపోతాది గానీ, లోతు పెరుగుతాదా?"

మా బామ్మర్ది ఆ రోజు మొదటిసారి నవ్వాడు. "అక్కా, నువ్వు ఒకసారి పోయి చూసి రా. ఆ బావి నీళ్ళు ఒక సీసాలో తెస్తే ఈ బోరులో పోద్దాం. దీనికైనా సిగ్గొస్తుందేమో."

నవ్వులాటకు అన్న మాటను మా ఆవిడ గట్టిగా పట్టుకుంది. వారం తిరక్కుండానే, దీవి దారి పట్టడానికి తిరుపతి బస్సు ఎన్ని గంటలకో కనుక్కుంది. నేను మోకాళ్ళ నొప్పులన్నాను. "వేమగల్లులో పెండ్లికి పోదామంటే మోకాళ్ళు, మార్కెట్టుకు పోదామంటే మోకాళ్ళు. నలభై అడుగులు దిగిన మోకాళ్ళు కదండీ అవి, పడవ ఎక్కలేవా?" అంది. ఇంగ దారి లేదు. ఆ బావి దగ్గరికి నేను ఎందుకు పోలేనో నాకు ఒక్కడికే తెలుసు. అది చెప్పాలంటే మా నాన్న దగ్గర మొదలుపెట్టాలి.

మా ఇల్లు బంగారు గనుల పేట కోరమండల్‌లో, గుమాస్తాలకిచ్చిన ఇళ్ళ వరసలో ఉండేది. మనుషుల్ని గనిలోకి దింపే షాఫ్టు పక్కనున్న టైం ఆఫీసులో నాన్న ఉద్యోగం. ఎవరు గనిలోకి దిగారు, ఎవరు పైకి వచ్చారు అని పుస్తకంలో రాయడం ఆయన పని. ఆయన మాత్రం జన్మకొకసారే దిగాడు. ఎవరో పెద్ద అధికారి వచ్చిన రోజున వెంట పోక తప్పలేదు. తిరిగొచ్చి రెండు రోజులు మెతుకు ముట్టలేదు. కానీ ఇంట్లో ఆయన నోరు విప్పితే లోతుల మాటే. తెల్లవారుజామున షిఫ్టు కూత వినబడగానే అమ్మ సంకటికి ఎసరు పెట్టేది. ఆ ఆవిరితో కలిసి వీధిలో పోయేవాళ్ళ చేతుల్లోని కార్బైడు దీపాల వాసన, కుళ్ళిన వెల్లుల్లి లాంటి వాసన, వంటింటి దాకా వచ్చేది. ఎండాకాలం గాలికి బంగారం తీసేసి మిల్లు పారబోసిన రాతిపొడి దిబ్బల మీది తెల్లటి ధూళి లేస్తే, అమ్మ ఊరగాయ జాడీలకు తడిగుడ్డలు కట్టేది. అప్పుడప్పుడూ మా కింద ఎక్కడో భూమిలో రాయి పగిలేది. గూట్లో ఇత్తడి గ్లాసులు టకటకా కొట్టుకునేవి. నాన్న నోటి దాకా వచ్చిన ముద్దను ఆపి, తల ఒక పక్కకు వంచి, కాసేపు విని, "ఇది ఎనిమిదివేల అడుగుల కింద" అని తీర్పు చెప్పేవాడు. "అవునవును, మీరే పోయి పగలగొట్టి వచ్చినట్టు" అనేది అమ్మ. ఒకటిని నాలుగు చేసి చెప్పే విద్య నాకు ఎవరూ నేర్పనక్కర లేకపోయింది. దానితో పాటు ఇంకొక నమ్మకం కూడా ఆ ఇంట్లోనే అంటుకుంది. ఏ మంచి వస్తువైనా కిందే ఉంటుంది. దొరకలేదంటే ఇంకా కిందికి పోలేదని అర్థం.

పోలయ్య మా నాన్న దగ్గర జాబులు రాయించుకోవడానికి వచ్చేవాడు. పులికాట్ సరస్సులో ఒక దీవి మనిషి. చేపలు పట్టుకుని బతికేవాడు ఎవరి మాటో విని బంగారం ఊరికి వచ్చి గనిలో ట్రాలీలు తోసే పనిలో చేరాడు. ఆదివారం పూట మా అరుగు మీద మోకాళ్ళు కావలించుకుని కూర్చుని, అన్న కోటయ్యకు రాయమని చెప్పే మాటలు ఎప్పుడూ ఒకటే: గాలి తిరిగినాదా, రొయ్య పడతా ఉండాదా, పడవకు తారు పూసినారా. అమ్మ పెట్టిన సంకటి తింటూ పళ్ళెంలో చేప కోసం వెతికేవాడు. "ఈ ఊరి గాలికి వాసనే లేదమ్మా" అనేవాడు. కార్బైడు వాసన మధ్యన కూర్చుని ఆ మాట ఎలా అనగలిగాడో నాకు దీవికి పోయాకే అర్థమైంది. రెండేళ్ళకు దగ్గు పట్టుకుంది. ఇంగ నా వల్ల కాదని ఊరికి బయలుదేరాడు. ఆ ఏడు నేను పీయూసీ తప్పాను. నాన్న ఎదుటికి వస్తే నాకు గుండెదడ. నేను ఎదుటికి వస్తే నాన్నకు రక్తపోటు. "చిన్నయ్యను నాతో పంపించండప్పా, నెల దినాలు గాలి మారుతాది" అని పోలయ్యే అడిగాడు.

దీవి పేరు చెప్పను. చెబితే మీరు పోయి వాళ్ళను అడుగుతారు. ఒడ్డు నుంచి పడవలో రెండు గంటలు, అదీ తెడ్డు వేసి కాదు, గెడ నేలకు పోటు పెట్టి నెట్టుకుంటూ. అంత పెద్ద నీటిలో మనిషి నడుము దాటి మునిగే చోటు వెతుక్కోవాలి. వేలాది అడుగుల లోతు మాటలతో పెరిగినవాడికి ఆ సరస్సు ఒక వేళాకోళంలా అనిపించింది. దీవిలో తాడిచెట్లు, నాగదాళి పొదలు, తెల్లటి ఇసక, తాటాకు కొంపలు ఒక ముప్పై. ఉత్తరం కొసన ఒక ఇటుక గోడ మొండెం ఉండేది. మనం ఇప్పుడు కాల్చే ఇటుకల కంటే సన్నటివి, మధ్యలో గవ్వ సున్నం. ఎప్పుడో డచ్చివాళ్ళు సరస్సు దక్షిణాన కోట కట్టుకుని బట్టల వ్యాపారం చేసిన రోజుల్లో, ఇక్కడ పడవ సరుకు దించేవారని చెప్పుకునేవాళ్ళు. ఆ గోడ కింద వాళ్ళు కుండలతో బంగారం పాతిపెట్టారని కూడా చెప్పుకునేవాళ్ళు. సాయంత్రం గాలి తిరిగితే ఎండురొయ్యల వాసన, తారు వాసన, బురద వాసన ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. ఏది ముందొస్తే దాన్ని బట్టి గాలి ఏ దిక్కునుంచో పోలయ్య కళ్ళు మూసుకుని చెప్పేవాడు.

వాళ్ళ నీళ్ళు చెలమల్లోంచి. ఇసకలో మోకాలి లోతు గుంట తీస్తారు, అంతే. అంత కంటే గోరంత కూడా దిగరు. గుంట చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని, ఊరే నీటిని కొబ్బరిచిప్పతో అంచున ముంచి కుండలో పోస్తారు. చిప్ప అడుగుకు తగలకూడదు. రెండు కుండలు నిండగానే ఆ చెలమ మీద తాటాకు కప్పి పక్క చెలమకు పోతారు. వాన నీరు ఇసకలో ఇంకి, కిందున్న ఉప్పునీటి మీద పాల మీద మీగడలా తేలి ఉంటుందని నాకు చాలా ఏళ్ళకు, బడిలో పాఠం చెప్పడానికి చదువుకుంటే తెలిసింది. అప్పుడు అది నాకు సోమరితనంలా కనిపించింది. పోలయ్య భార్య అంకమ్మ కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. ఒక కుండ నిండడానికి ఆమె అంతసేపు కూర్చోవడం చూసి, "మా ఊళ్ళో అయితే ఇంతసేపట్లో నూరడుగులు దిగుతారు. నేనే మూడువేల అడుగులు దిగి వచ్చినాను" అన్నాను. నేను షాఫ్టు గేటు దాటి ఎప్పుడూ లోపలికి పోలేదు. పోలయ్యకు ఆ సంగతి తెలుసు. నా మర్యాద కోసం నోరు మూసుకున్నాడు.

మే నెల నడిమికి చెలమల్లో ఊట మందగించింది. నాకు అదను దొరికింది. గోడ పక్కనున్న చెలమను ఎంచుకున్నాను. అక్కడ తాడిచెట్ల నీడ ఉంది, అంతకు మించి కారణం లేదు. అంకమ్మ వద్దంది. "మోకాలు దాటితే ఉప్పు తగులుతాది చిన్నయ్యా, మా అత్త చెప్పింది" అంది. "మీ అత్త కోరమండల్ చూసిందా?" అన్నాను. పోలయ్య కొంచెం తటపటాయించి, జాబులు రాసిపెట్టిన గుమాస్తా కొడుకు మాట కాదనలేక, పార పట్టుకున్నాడు. గనిలో రాయి కూలకుండా దుంగలు నిలబెడతారని విన్నాను కదా, తాటి దుంగలతో నాలుగు వైపులా ఇసకను ఆపాను. మూడో రోజుకు తొమ్మిది అడుగులు. ఉన్నట్టుండి కాళ్ళ కింది నుంచి నీళ్ళు ఉబికాయి. దీవి మొత్తం వచ్చి చూసింది. ఆ పూట ఆడవాళ్ళు చిప్పలు పారేసి బిందెలే ముంచుకున్నారు. నేను గోడ మీద కూర్చుని చూస్తూ నాన్నకు ఏమని చెప్పాలో మాటలు కూర్చుకుంటున్నాను. అప్పటికే అది పన్నెండు అడుగులు.

మరునాడు పొద్దున్నే అంకమ్మ గంజి కాచి, నోట పెట్టుకుని ఉమ్మేసింది. బావి ఉప్పయింది. మధ్యాహ్నానికి పక్క చెలమ ఉప్పయింది. మరో రోజుకు ఆ వైపున్న చెలమలన్నీ ఉప్పయ్యాయి. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆడవాళ్ళు కుండలెత్తుకుని, వేడి ఇసకలో దీవి దక్షిణపు కొసకు నడవడం మొదలుపెట్టారు. ఆ నడక చూడలేక తరువాతి పొద్దున, చేపలమ్మడానికి పోయే మొదటి పడవెక్కి ఒడ్డుకు చేరాను. పోలయ్యకు చెప్పలేదు. అంకమ్మ అప్పటికే నాకోసం అన్నం వార్చి పెట్టింది, ఆ వాసన కూడా తగిలింది. ఇంటికొచ్చి నాన్నకు బావి తవ్వానని చెప్పాను. అందులో అబద్ధం లేదు కదా. ఆయన మొదటిసారి నా భుజం తట్టాడు. ఆ చెయ్యి తీసేలా నిజం చెప్పడం నాకు చేతకాలేదు.

ఇదీ మా ఆవిడ సీసా పట్టుకుని చూడబోతున్న బావి. అవి చలికాలపు రోజులు. ఇప్పుడు పడవకు మోటారుంది. దారిలో ఫ్లెమింగోలు వందలకొద్దీ ఒంటికాలి మీద నిలబడి, ముక్కులు తలకిందులుగా పెట్టి బురద వడపోసుకుంటున్నాయి. గూడబాతులు వరసకట్టి చేపలను ఒడ్డుకు తోలుకుపోతున్నాయి. "నీళ్ళు ఇంత తక్కువలో ఉంటే ఎంత మందికి కడుపు నిండుతా ఉండాదో చూడండి" అంది మా ఆవిడ. నాకు సుగటూరులో పొడి కక్కుతున్న గొట్టం గుర్తొచ్చింది. మా కోరమండల్ షాఫ్టులు కూడా. మనుషులు దిగడం మానేశాక వాటి నిండా నీళ్ళే నిలిచాయట. ఆ నీళ్ళ మీదనే కాపురముంటూ మా వీధివాళ్ళు క్యాన్లు కొనుక్కుంటున్నారు. ఇలాంటివన్నీ ఆలోచిస్తే దిగగానే ఏం చెప్పాలో ఆలోచించే పని తప్పుతుందని అనుకున్నాను.

కొంపలు పోయి స్లాబు ఇళ్ళు వచ్చాయి. ఒక ఇంటి ముందు వల పరుచుకుని కూర్చున్న ముసలామె దగ్గరికి మా ఆవిడే ముందు పోయింది. "అమ్మా, మా ఆయన ఇక్కడ ఒక బావి తవ్వినారంట చిన్నప్పుడు. కోలారు నుంచి వచ్చినాము చూసేదానికి. యాడుండాది?"

ఆమె వల కిందపెట్టింది. నన్ను చూసింది. పళ్ళు ఊడిన నోరు కొంచెం తెరుచుకుంది. "చిన్నయ్యా?"

అంకమ్మ. నేను చేతులు జోడించాను. ఆమె కూర్చోమనలేదు.

"ఎంత దొరికినాదయ్యా?" అంది.

"ఏమి?"

"బంగారం."

అప్పుడు తెలిసింది. నేను వెళ్ళిపోయిన రోజునే దీవిలో పుట్టిన మాట: బంగారం ఊరివాడు వలందావోళ్ళ గోడ పక్కనే ఎందుకు తవ్వినాడు, నీళ్ళ కోసమైతే దుంగలెందుకు నిలబెట్టినాడు, చెప్పకుండా మొదటి పడవకే ఎందుకు పోయినాడు. డచ్చివాళ్ళను వాళ్ళు వలందావోళ్ళు అంటారు. మరుసటి ఏడు పోలయ్య మామగారి చెట్టు నరికించుకుని కొత్త పడవ కట్టుకుంటే, ఆ మాట ఖాయమైపోయింది. అన్న కోటయ్య వచ్చి నా పాలు ఏదిరా అన్నాడు. పోలయ్య ఉప్పునీళ్ళు తప్ప ఏమీ రాలేదన్నాడు. అన్నాదమ్ములు అంతటితో పలకరింపులు మానేశారు. చెలమలు రెండు వానాకాలాలకు మళ్ళీ తియ్యనయ్యాయట. "ఇసక మరిచిపోయింది, మనుషులు మరవలా" అంది అంకమ్మ. "మా ఆయన పోయి మూడేండ్లాయ. పాడె మోసేదానికి కూడా వాళ్ళన్న రాలా. నీకు కార్డు రాయించినాడే, ఒక్కసారి వచ్చి చెప్పిపొమ్మని. చేరలా?"

"చేరలేదమ్మా" అన్నాను.

మా ఆవిడ నా వైపు తిరిగి చూసింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆ చూపు నాకు బాగా తెలుసు.

"చేరింది" అన్నాను. "సూళ్ళూరుపేటలో ఎవరో రాసిచ్చిన కార్డు. బావి పూడ్చిపొమ్మని తిట్టడానికి పిలుస్తున్నారనుకున్నాను. చించేసినాను."

అంకమ్మ వల మడిచి పక్కకు జరిపింది. ఈలోగా నలుగురూ చేరారు. నేను నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. లోతు తొమ్మిది అడుగులు, దొరికింది ఉప్పునీళ్ళు, పారిపోయింది సిగ్గుతో. ఒక నడివయసాయన నవ్వి, "ఇన్నేండ్ల తరవాత ఎవురు లాక్కుంటారు పెద్దాయనా? ఒక కుండా, రెండా? అది చెప్పు చాలు" అన్నాడు. జీవితమంతా నా అబద్ధాలు నమ్మించడానికి నేను ఎప్పుడూ కష్టపడలేదు. నిజం దగ్గరికి వచ్చేసరికి ప్రమాణాలు చేస్తూ నిలబడ్డాను. ఒక్క ముఖమూ మెత్తబడలేదు.

అప్పుడు సావిత్రమ్మ సీసా సంచిలో పెట్టేసి ముందుకొచ్చింది. "ఈయన సంగతి నన్నడగండప్పా. వీధిలో పిల్లి కనబడితే చిరతపులి అంటారు. తొమ్మిదడుగుల బావిని నలభై చేసినారు. ఇట్టాంటి మనిషికి గోరంత బంగారం దొరికింటే కోలారు జిల్లా అంతా దండోరా వేసుండరా? నలభై ఏండ్లుగా ఈయన చెప్పని అబద్ధం లేదు. బంగారం దొరికిందని మాత్రం ఒక్క దినం కూడా చెప్పలా. ఇంగ మీరే అనుకోండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. నవ్వనిది అంకమ్మ ఒక్కతే. ఆమె లేచి చీర దులుపుకుంది. "ఈ మాట ఈడ కాదు. మా బావ ఇంట్లో చెప్పాల. రాండి."

కోటయ్య ఇల్లు దీవి ఆ చివర. ఇసకలో ఆమె ముందు, మా ఆవిడ వెనక, నేను నిజంగానే నొప్పి పెడుతున్న మోకాళ్ళతో ఆఖరున. ఆయన పంచలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళకు పొర కమ్మింది. అంకమ్మ వాకిట్లోకి అడుగుపెట్టకుండా సరుగుడు చెట్టు దగ్గరే ఆగిపోయింది. నేను పోయి ఎవరినో చెప్పుకున్నాను. ఆయన చెవి నా వైపు తిప్పాడు.

"ఎంత తవ్వినావు?"

"తొమ్మిదడుగులు."

"ఏమొచ్చినాది?"

"ఉప్పునీళ్ళు."

"ఇంగేమి?"

"ఇంగేమీ లేదు."

ఆయన మంచం నులకను వేలితో లాగాడు. నేను ఇంకేదైనా చెప్పాలేమోనని నోరు తెరిచాను. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది.

"మా తమ్ముడూ అదే చెప్పినాడు" అన్నాడు కోటయ్య. "ఈ మంచం కాడనే నిలబడి చెప్పినాడు. ఇవే మాటలు."

ఈ మాటకు ఒక అక్షరం కలపాలన్నా తీసేయాలన్నా నాకు ఇప్పటికీ చేతకాలేదు. ఆయన చెట్టు వైపు తల తిప్పాడు. ఆమె వచ్చి అక్కడుందని ఎవరూ ఆయనకు చెప్పలేదు.

"అంకమ్మా, ఎండలో యాల నిలబడినావు? లోపలికి రా."

ఆమె చెంగుతో ముఖం ఒకసారి తుడుచుకుంది. తరువాత చెప్పులు విడిచి, మమ్మల్ని దాటుకుని లోపలికి పోయింది. నేనూ మా ఆవిడా బయటే నిలబడ్డాం.